రైటర్‌లో తెలుగు ఫాంట్ మారకపోతే: నా అనుభవం

లిబ్రేఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్) స్టైల్‌లో అక్షరాల సైజు 16 పెట్టినా ఇంగ్లీషు పెరిగేది, తెలుగు మాత్రం చీమతలకాయంతే ఉండేది. ఫాంట్ మార్చాను, రీఇన్‌స్టాల్ చేశాను, కొత్త ఫైల్ తెరిచాను, లాభం లేదు.

కిటుకు ఎక్కడంటే, టూల్స్, ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ (తెలుగు లాంటి లిపుల కోసం ఉన్న సెట్టింగ్) దగ్గర టిక్ పెట్టి, తెలుగు ఎంచుకున్నాను. తర్వాత ఎఫ్11 నొక్కి స్టైల్స్ జాబితా తెరిచి, డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద రైట్ క్లిక్, ఎడిట్. ఫాంట్ ట్యాబ్‌లో వెస్టర్న్ పక్కన కాంప్లెక్స్ అని వేరే భాగం కనబడింది. మండలి అనే తెలుగు ఫాంట్, సైజు 16 అక్కడ పెట్టాను. అంతే, పేజీ మొత్తం ఒక్కసారిగా మారింది. ఇన్నాళ్లూ నేను మార్చింది ఇంగ్లీషు గడినే!

ఆప్షన్స్‌లోని ఆ భాషల పేజీ పేరు వెర్షన్‌ని బట్టి మారుతుంది. విడిగా సైజు పెట్టిన పేరాలు ఉంటే, వాటిని సెలెక్ట్ చేసి ఆ విడి ఫార్మాటింగ్ తీసేసే కంట్రోల్+ఎమ్ కూడా కొట్టాల్సి రావచ్చు. లిబ్రేఆఫీస్‌లో స్లయిడ్లు చేసే ఇంప్రెస్‌లో ఇది ఎలా ఉంటుందో నేను చూడలేదు.