మోకాలి ఆపరేషన్ అయ్యాక: నొప్పి బిళ్ళ ఆపే తేదీ అడగండి

సంక్రాంతి దాటాక మా మందుల షాపులో వాకర్లకీ కమోడ్ కుర్చీలకీ గిరాకీ పెరుగుతుంది. పంట డబ్బు చేతికొచ్చాక పెద్దవాళ్ళకి మోకాలి చిప్పల ఆపరేషన్లు పెట్టుకుంటారు. కుర్చీ దగ్గర్నుంచి మెత్తటి చెప్పుల దాకా అన్నీ ముందే కొంటారు గానీ, డిశ్చార్జి చీటీలో మూడో నాలుగో వరసలో ఉండే నొప్పి బిళ్ళ సంగతి ఎవరూ అడగరు.

ఆ బిళ్ళ చాలాసార్లు ట్రమడాల్, లేదంటే టాపెంటడాల్. రెండూ ఓపియాయిడ్లే, అంటే నల్లమందుకి చుట్టాలు. ఫ్యాక్టరీలో తయారైనా మెదడులో పనిచేసే చోటు ఒకటే. అలాగని బిళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆపరేషనైన మర్నాడే లేపి నడిపిస్తారు. నొప్పి అణగకపోతే మోకాలు వంచలేరు, వంచకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఆ మొదటి రోజుల్లో దానికి పనుంది. చిక్కల్లా చీటీలో ‘నొప్పి ఉంటే’ అని రాసి, ఎన్నాళ్ళో రాయకపోవడంలోనే ఉంది.

ఒక పెద్దాయన నాలుగు నెలల తర్వాత, మడతల దగ్గర చిరిగిపోయిన అదే చీటీ పట్టుకొచ్చాడు. “బిళ్ళ లేకపోతే ఒళ్ళంతా లాగేస్తోంది బాబూ, ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు. నొప్పి తిరగబెట్టింది” అన్నాడు. మోకాలు చూస్తే బాగానే వంగుతోంది. అది మోకాలి నొప్పి కాదు, అలవాటైన మందు అందక ఒళ్ళు చేసే గోల. అంతమాత్రాన అది వ్యసనం అనలేం. ఆయన్ని డాక్టరు దగ్గరికే తిరిగి పంపాను. వారాల తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

అందుకే డిశ్చార్జి రోజున హడావుడిలో ఉన్నా సరే, ఒక్క ప్రశ్న అడిగి జవాబు చీటీ మీదే రాయించుకోండి: “ఈ బిళ్ళ ఏ తేదీన ఆపాలి డాక్టరుగారూ?” ఆపరేషనైనవాళ్ళు వాడే మందులన్నీ డాక్టరుకి ముందే చెప్పండి. నిద్ర బిళ్ళలు, దిగులుకి వాడేవి, ఫిట్స్ మందులు ముఖ్యం. ట్రమడాల్ కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. దిగులు మందులు కొన్నిటితో కలిస్తే వణుకు, జ్వరం, కంగారుతో ప్రాణం మీదికి రావచ్చు.

మద్యం, కల్లు పూర్తిగా బంద్. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం కలుపుతారని తెలిసిందే. అది నిద్ర బిళ్ళ. దాని మీద ఓపియాయిడ్ పడితే ఊపిరి మందగిస్తుంది. మనిషి గురక పెట్టి నిద్రపోతున్నాడనుకుంటాం. తట్టినా లేవకపోతే, పెదాలు నీలబడితే, కంటిపాప సూదిమొనంత అయితే, ఊపిరి నిమిషానికి పదికి లోపు పడితే 108కి ఫోన్ చేసి, పక్కకి ఒత్తిగిలేలా పడుకోబెట్టండి.

ఇంకో చిన్న లెక్క. ట్రమడాల్ బిళ్ళల్లో చాలావాటిలో పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసే ఉంటుంది. అది తెలియక మీద డోలో 650 వేస్తుంటారు. రోజుకి మొత్తం పారాసెటమాల్ నాలుగు గ్రాములు దాటకూడదు, ముసలివాళ్ళకి, లివర్ జబ్బున్నవాళ్ళకి ఇంకా తక్కువే. ఈ బిళ్ళతో మలబద్ధకం మొదటి రోజు నుంచే మొదలవుతుంది, దానికి మందు కూడా అప్పుడే రాయించుకోండి. రాత్రిపూట తల తిరుగుతుంది గనక బాత్రూముకి ఒంటరిగా పంపొద్దు. కొత్త చిప్పతో పడితే మళ్ళీ ఆసుపత్రే.

ఇక ఇంటి వైద్యం. మొదటి వారాల్లో ఐస్‌ని మించింది లేదు. పలచటి తువ్వాలులో చుట్టి పావుగంట, గాయం తడవకుండా. కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు రోజుకి మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెం. నా అనుభవంలో బిళ్ళలు తొందరగా మానేది వ్యాయామం ఎగ్గొట్టనివాళ్ళే.

వావిలాకు కాపడం, ఆముదపాకు కట్టు పాత నడుంనొప్పికి హాయిగా ఉంటాయి, నేనూ కాదనను. కోసిన మోకాలికి మాత్రం ఇప్పుడే వద్దు. వేడికి వాపు పెరుగుతుంది. పైగా కుట్ల పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలియదు. జిల్లేడు పాలు అసలే తగలనివ్వకండి. కూరలో పసుపు ఎంతైనా తినండి, పసుపు క్యాప్సూళ్ళు మాత్రం రక్తం పలచబడే మందులతో కలిసి రక్తస్రావం పెంచొచ్చు. “నొప్పులకి రామబాణం” అని పేరు ఊరు లేని పొట్లాల్లో అమ్మే చూర్ణాల్లో స్టెరాయిడ్ కలిపినవి ఉంటాయి. రెండు రోజుల్లో లేచి తిరుగుతున్నారంటే సంతోషించకండి, స్టెరాయిడ్‌తో షుగరు పెరుగుతుంది గనక పరీక్ష చేయించండి.

ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకుండా ఇవ్వలేమంటే మా మీద కోపగించుకోవద్దు. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి నడుంనొప్పని నాలుగు బిళ్ళలు సూట్‌కేసులో సర్దే తల్లులున్నారు. ఎమిరేట్స్‌లో ముందస్తు అనుమతి లేకుండా అది దొరికితే జైలు దాకా వెళుతుంది.

క్యాన్సర్ నొప్పి ఉన్నవాళ్ళకి ఇదంతా వర్తించదు. వాళ్ళకి మార్ఫిన్ అవసరమైతే భయపడి ఆపకండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలాంటి చోట్ల పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్ళే మోతాదు చూస్తారు. ఫెంటానిల్ ప్యాచ్ (చర్మం మీద అంటించే ఓపియాయిడ్ మందు పట్టీ) అంటించినవాళ్ళకి ఒక్కటే గుర్తు చేస్తాను: దాని మీద వేడినీళ్ళ సంచి పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

మిగిలిన బిళ్ళలు ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంచొద్దు. ఎప్పుడో మనవడి పంటినొప్పికి అవే గుర్తొస్తాయి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి, పాలిచ్చే తల్లులకి ట్రమడాల్ ప్రమాదం. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ఇంట్లో మిగిలితే టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయమన్న పదిహేడు మందుల్లో ట్రమడాల్, టాపెంటడాల్ రెండూ ఉన్నాయి.