సిజేరియన్ తర్వాత నడుము నొప్పికి వావిలాకు మూట కాపడం ఎలా పెట్టాలి?

కుట్టు పూర్తిగా మాని, ఆపరేషన్ చేసిన డాక్టరు సరేనన్నాకే ఇది మొదలుపెట్టాలి. ఆరు వారాల లోపు ఆ ఊసే వద్దు. జ్వరం, కుట్టు దగ్గర ఎరుపు, చీము ఉన్నా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా మూట పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే, దాన్ని మర్దనా చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆసుపత్రికే వెళ్ళాలి.

తప్పంతా నడుముకిచ్చిన మత్తు సూదిదేనని మనవాళ్ళు తేల్చేస్తారు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపుతుంది, నిజమే. నెలల తరబడి ఉండే నొప్పికి మాత్రం వదులైన పొట్ట కండరాలు, వంగి కూర్చుని పాలివ్వడం, వంగి బిడ్డను ఎత్తడమే ఎక్కువగా కారణం. పాలిచ్చేటప్పుడు వీపు వెనక దిండు పెట్టకపోతే ఎన్ని మూటలు కట్టినా లాభం లేదు.

కావలసినవి: పావుకిలో వావిలాకు, రెండు గుప్పిళ్ళ ఆముదపాకు, రెండు నిమ్మకాయలు, అరకప్పు పచ్చికొబ్బరి తురుము, చెంచా పసుపు, రెండు చెంచాల సైంధవ లవణం, నువ్వుల నూనె, అడుగున్నర చదరపు పాత పంచె ముక్కలు రెండు. జిల్లేడాకు వేయకండి, దాని పాలు చేతికంటి కంట్లో పడితే ఇబ్బంది.

ఆకులు కడిగి, నీడన తడి ఆరనిచ్చి తరగాలి. తడి ఉంటే మూటలోంచి ఆవిరి తన్ని చర్మం బొబ్బలెక్కుతుంది. మూడు చెంచాల నూనెలో సన్నటి సెగ మీద కొబ్బరి, నిమ్మ ముక్కలు, ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వేయించి, ఆకు వాడి కొబ్బరి రంగు మారగానే ఉప్పు, పసుపు కలిపి దించేయాలి. మాడితే పారేయండి. రెండు మూటలుగా గట్టిగా కట్టండి.

బోర్లా పడుకోవద్దు. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, వీపు ఆనే చోట దిండు పెట్టుకుని ముందుకు వాలితే చాలు. గోరువెచ్చని నువ్వుల నూనె నడుముకి పది నిమిషాలు పట్టించాలి. నొప్పి బామ్ రాసి పైన కాపడం పెడితే చర్మం కాలుతుంది. వేడినీళ్ళ సంచి తీరు వేరు. అది ఒకేచోట కూర్చుంటుంది, మూట కండరం వెంట కదులుతుంది.

అందరూ తప్పేది వేడి దగ్గరే. బాణలిలో చెంచా నూనె వేసి మూటను అద్ది తీశాక పిండి చూడండి, నూనె కారకూడదు. కారే నూనె మూటకన్నా ఘోరంగా కాలుస్తుంది. తర్వాత మూట పెట్టేవాళ్ళు తమ మోచేతి లోపలివైపు ఆనించి పది లెక్కపెట్టండి. హాయిగా ఉంటేనే నడుముకి. చేయి వెనక్కి లాగాలనిపిస్తే ఇంకో నిమిషం ఆగండి. అరచేతితో చూడకండి, పనిచేసే చేతికి వేడి అంతగా తెలియదు. కుట్టు చుట్టూ నెలల తరబడి మొద్దుబారి ఉండొచ్చు, అక్కడ కాలినా తల్లికి తెలియదు కాబట్టి పొట్టవైపు మూట పోనివ్వొద్దు.

వెన్నెముక మీద నొక్కకూడదు. దానికి రెండు వేళ్ళ ఎడంగా, రెండు వైపులా, కింది నుంచి పైకి నెమ్మదిగా ఆనిస్తూ పోవాలి. మొదట తేలికగా తట్టి, వేడి తగ్గే కొద్దీ కాస్త ఒత్తాలి. రెండు మూడు నిమిషాలకోసారి మూట మార్చాలి. మొత్తం ఇరవై నిమిషాలు, అంతకు మించొద్దు. చర్మం లేత ఎరుపెక్కితే చాలు, మచ్చలు మచ్చలుగా కందితే ఆపేయండి. గంట ఆగి గోరువెచ్చని నీళ్ళు పోసుకోవాలి.

నొప్పులకు వాడే గుగ్గులు అనే ఆయుర్వేద మాత్రలు సొంతంగా మింగొద్దు. పాలిచ్చే తల్లయినా, రక్తం పలచబడే మందు వాడుతున్నా ఆయుర్వేద వైద్యుడికీ సర్జన్‌కూ ఇద్దరికీ చెప్పాలి.

వారం వరుసగా పెట్టి చూడండి. వాడిన మూట మర్నాటికి దాచకండి, కొబ్బరి పులిసి కంపుకొడుతుంది.