ప్లగ్గు పీకాకే డ్రమ్ములో చెయ్యి పెట్టండి

మొన్న ఆదివారం మా వీధి చివరింటి పెద్దాయన మిద్దె మీద షాక్ కొట్టి పడిపోయారు. వంగ, టమాటా కుండీలకు చుక్కచుక్కగా నీళ్లు పడే డ్రిప్పు పైపులు పెట్టుకుని, నీళ్ల డ్రమ్ములో చిన్న కూలర్ మోటారు వేశారు. ధార సన్నబడింది, నాచు పట్టిందేమో చూద్దామని చెయ్యి పెట్టారు. స్విచ్ ఆపారు. ప్లగ్గు మాత్రం పీకలేదు. అదృష్టం బాగుండి వెనక్కి పడ్డారు కాబట్టి చెయ్యి కమిలి ఊరుకుంది.

ఎండలు ముదరకముందే అందరూ మిద్దె తోటలకు పైపులు లాగుతున్నారు. ఏ మొక్కకు ఎన్ని నీళ్లు, పొద్దున పోయాలా సాయంత్రం పోయాలా అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

కరెంటు

స్విచ్ ఆపితే చాలదా అని అడుగుతారు. చాలదు. స్విచ్ ఫేజ్ వైరు మీద, అంటే కరెంటు తెచ్చే వైరు మీద ఉండాలి. ఇల్లు కట్టాక ఎప్పుడో మిద్దె మీదికి లాగించిన పాయింట్లలో ఫేజు, న్యూట్రలు తారుమారు కావడం మామూలే. అప్పుడు స్విచ్ ఆపగానే మోటారు ఆగుతుంది, వైర్లో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది. మోటారు ఆగిందన్న ధైర్యంతోనే మనం చెయ్యి పెడతాం. అందుకే ముందు ప్లగ్గు పీకండి, తర్వాతే నీళ్లు ముట్టుకోండి.

ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్, ఉంది కదా అనుకోవద్దు. అది వైర్లు కాలిపోకుండా చూసేది. ఆంపియరులో పదో వంతు కరెంటు మనిషి ప్రాణం తీయగలదు, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఆననే ఆనదు. మిద్దె లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, కరెంటు ఒంట్లోంచి నేలకు కారితే వెంటనే లైను ఆపేసేది అదే. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది గోడకు అలంకారమే.

ఇక అతుకులు. వైరు పొట్టిదైందని మరో ముక్క కలిపి నల్ల టేపు చుట్టేస్తాం. నేనూ చుట్టాను. రెండు వేసవులయ్యాక పట్టుకుంటే టేపు జిగురంతా వేళ్లకు అంటుకుంది, లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి బయటికి కనిపిస్తోంది. తడి గచ్చు మీద, చెప్పులు లేకుండా రోజూ దాని పక్కనే తిరిగాను. అతుకు లేని ఒకే వైరు కొనండి.

నీళ్లు, బరువు

పది, ఇరవై కుండీలకైతే మోటారే అక్కర్లేదు. డ్రమ్మును మీటరు ఎత్తున పెడితే మామూలు డ్రిప్పర్లకు, అంటే పైపుకు బిగించే చుక్కల మూతులకు, నీళ్లు నిదానంగా దిగుతాయి. ఒత్తిడి మారినా ఒకేలా నీళ్లు వదిలే ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు మాత్రం ఆ ఒత్తిడికి సరిగా పనిచేయవు, కొనేటప్పుడే అడగండి. ఒక్క మాట, 200 లీటర్ల డ్రమ్ము నిండితే 200 కిలోలు. స్లాబు నడిమధ్యన కాదు, కింద పిల్లరో బీమో ఉన్నచోట పెట్టండి. ఇటుకలు ఊరికే పేర్చి నిలబెట్టవద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఫిల్టరు లేకుండా డ్రిప్పు వేయకండి, నాచు, చెత్త అడ్డం పడతాయి. ఫిల్టరు ఉన్నా బోరు నీళ్ల ఉప్పుకు డ్రిప్పర్లు తెల్లగా బిగుసుకుంటాయి. ధార తగ్గితే ఏం అడ్డం పడిందో అన్న అనుమానంతోనే మనం డ్రమ్ములో చెయ్యి పెడతాం.

చెయ్యి పెట్టేముందు? ప్లగ్గు.

మధ్యాహ్నం నీళ్లు వదలకండి. నల్ల పైపులో నీళ్లు కాగి ఉంటాయి, వేర్లు ఉడుకుతాయి.

డ్రమ్ముకు మూత వేయండి. దోమల కోసం, అంతకంటే ముందు పిల్లల కోసం.

ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టకండి.

మోటారును వైరు పట్టుకుని పైకి లాగకండి. తాడు కట్టండి.

ఊరెళ్లే రోజు కొత్త టైమరు బిగించకండి. వారం ముందే బిగించి, మీరు ఉండగానే దాని తిక్క చూడండి. కరెంటు పోయి వస్తే కొన్ని టైమర్లు వేళ మరిచిపోతాయి.

టైమరు ఉన్న మోటారు ఆగి ఉందంటే కరెంటు లేదని కాదు. మీ చెయ్యి లోపల ఉండగానే దాని వేళ కావచ్చు. ప్లగ్గు పీకండి. పీకి జేబులో పెట్టుకోలేరు కదా, పట్టుకుని నిలబడమని ఇంట్లో ఒకరికి చెప్పండి.