గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలైతే: బ్లీచింగ్ కంటే ముందు నీళ్ల సీసా

ఒకే గల్లీలో ఒక్కరోజే ముగ్గురు నలుగురు పడకేస్తే ఆశా కార్యకర్త వెంటనే పీహెచ్‌సీకి, పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. ఆ వెంటనే అందరూ బ్లీచింగ్ బస్తా కోసం పరుగెత్తుతారు. మోరీ వెంట తెల్లగా పొడి కనిపిస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి ముందు తీయాల్సింది నీళ్ల శాంపిల్. క్లోరిన్ పడ్డాక తీసిన నీళ్లలో క్రిములు దొరకవు. రిపోర్టు బాగానే వస్తుంది, పగిలిన పైపు మాత్రం అట్లనే ఉంటుంది.

శాంపిల్ స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) సీసాలోనే తీయాలి, కడిగిన కూల్‌డ్రింక్ సీసా పనికిరాదు. నల్లా రెండు నిమిషాలు వదిలి, సీసా మూతికి వేలు తగలకుండా, పైన కాస్త ఖాళీ ఉంచి పట్టాలి. నీళ్లలో ఇప్పటికే క్లోరిన్ ఉంటే క్లోరిన్ పనిని ఆపేసే థయోసల్ఫేట్ వేసిన సీసా అడిగి తెచ్చుకోవాలి. ఐస్ పెట్టెలో పెట్టి ఆరు గంటల్లో ల్యాబుకు చేర్చడం మేలు. రోగుల మల నమూనా కూడా యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి.

ఈలోగా ఒక కాగితం మీద పేరు, వయసు, ఇల్లు, వాంతి మొదలైన టైము, ఏ నల్లా నీళ్లు తాగారు, ముందురోజు ఏం తిన్నారు అన్నవి రాయండి. దావత్ తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో అందరికీ ఒకేసారి వాంతులైతే అనుమానం తిండి మీదే. పొద్దున వండిన బగారా అన్నం సాయంత్రం దాకా గంజులోనే ఉంటే జరిగేది ఇదే: ఉడికినా చావని బ్యాసిల్లస్ అనే క్రిమి బీజాలు గోరువెచ్చటి అన్నంలో పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మిగిలిన కూర, అన్నం పారబోయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు కబురు చేయండి. అదే కేసులు రెండు మూడు రోజులుగా ఒక్కో ఇంట్లో బయటపడుతుంటే నీళ్లను చూడాలి.

లైను వెంట నడవండి. నల్లా గుంతలో మురుగు నిలిచిందా, పైపు మోరీలోంచి పోతోందా, ఎవరైనా నల్లాకు నేరుగా మోటర్ బిగించారా? సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి ఆ మురుగును లోపలికి గుంజుతుంది. మోటర్ ఉంటే ఇంకా ఎక్కువ. లీకు బాగయ్యేదాకా ఆ లైను బంద్ పెట్టి ట్యాంకరు పంపాలి.

ఇప్పుడు బ్లీచింగ్. మంచి పొడి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పొడి నేరుగా చల్లొద్దు. బకెట్లో కలిపి పది పదిహేను నిమిషాలు ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది, పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట తర్వాతే నీళ్లు వదలాలి. ఎండలో మూతి విప్పి పెట్టిన బస్తాలో బలం ఉండదు, ఎంత వేసినా దండగే.

క్లోరిన్ కొలత చూడాల్సింది ట్యాంకు దగ్గర కాదు, ఊరి చివరి నల్లా దగ్గర. క్లోరోస్కోప్‌లో (నీళ్లలో క్లోరిన్ చూసే చిన్న కిట్) మందు చుక్కలు వేసిన పది సెకన్లలోపే రంగు చూడాలి, ఆలస్యమైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అంటువ్యాధి టైంలో ఆ చివరి నల్లాలో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఉన్న మర్రిగూడ వైపు వాళ్లకు ఒక మాట: బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ పోదు.

రోగికి లీటరు నీళ్లలో పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి తాగించాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. కళ్లు గుంతలు పడి, మూత్రం ఆగి, మత్తుగా ఉంటే ఆలస్యం చేయకుండా 108.