ఇటలీ వేసవి వైన్ పండగలో స్థానిక ద్రాక్షల రుచి ఎలా చూడాలి?

ఇటలీలో వైన్ కోసం అధికారికంగా నమోదైన ద్రాక్ష రకాలే 500కు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ నేలలో తరతరాలుగా పెరుగుతున్నవి. కొన్నింటి పేరు పక్క జిల్లా వాళ్లకే తెలియదు. ఇలాంటివన్నీ ఒకేచోట దొరికేది వేసవి సాయంత్రాల్లో పాత భవంతుల తోటల్లో, కోట ఆవరణల్లో జరిగే వైన్ పండగల్లో. ఆగస్టు 10న వచ్చే సాన్ లొరెంజో అనే క్రైస్తవ సాధువు పండగ రాత్రికి అటూ ఇటూగా ‘కాలిచి ది స్తెల్లె’ పేరుతో దేశమంతా ఇలాంటి కార్యక్రమాలు పెడతారు. చదువుకో ఉద్యోగానికో అక్కడున్న మనవాళ్లు, టూర్‌కి వెళ్లేవాళ్లు ఒక సాయంత్రం తప్పకుండా దీనికి కేటాయించాలి. పోస్టర్ మీద ‘విటీన్యీ ఔతోక్తొని’ అని కనిపిస్తే అది స్థానిక ద్రాక్షల పండగే.

1. ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి

చిన్న ఊళ్లలో రాత్రి పది దాటాక బస్సు దొరకడం కష్టం. కారులో వెళ్తే నడిపేవాళ్లు తాగకూడదు. అక్కడ రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు. 21 ఏళ్ల లోపు వాళ్లకూ, లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండని వాళ్లకూ అది సున్నా. 18 ఏళ్ల లోపు పిల్లలకు వైన్ పోయరు.

2. ముక్కును కాపాడుకోండి

వైన్ రుచిలో సగానికి పైగా వాసనే. అందుకే ఆ సాయంత్రం సెంటు పూసుకోకండి. తోట కాబట్టి దోమలుంటాయి. దోమల క్రీమ్ బయల్దేరే ముందే కాళ్లకు రాసుకుని, చేతులు సబ్బుతో కడుక్కోండి. గ్లాసు పట్టుకున్న వేళ్లకు ఆ వాసన ఉంటే ఏ వైనైనా ఒకేలా అనిపిస్తుంది. కడుపు నిండా కాకపోయినా ఏదో ఒకటి తినే వెళ్లండి.

3. ఐదారు రకాలు మాత్రమే ఎంచుకోండి

చాలాచోట్ల టికెట్‌తో పాటు ఒక గ్లాసు, దాన్ని మెడలో వేలాడదీసుకోవడానికి చిన్న గుడ్డ సంచి, కొన్ని కూపన్లు ఇస్తారు. ఒక్కోసారి పోసేది సుమారు 50 మిల్లీలీటర్లు అనుకుంటే, ఆరు రుచులకే 300 అవుతుంది. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలో సగానికి కాస్త తక్కువ. రుచి చూసిన వైన్ ఉమ్మేయడానికి టేబుల్ మీద పాత్ర ఉంటుంది, మొహమాటపడకుండా వాడండి. నిపుణులందరూ చేసేది అదే.

ఏవి ఎంచుకోవాలి? నా మటుకు నేను పేరుమోసిన వాటిని వదిలేయమంటాను. బరోలో, ప్రొసెక్కో ప్రపంచంలో ఎక్కడైనా కొనుక్కోవచ్చు. సాంజొవేజె ద్రాక్షను మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర కూడా పండిస్తున్నారు. తిమొరాస్సో అలా కాదు. పియెమొంతేలో తొర్తోనా కొండల మీది ఈ తెల్ల ద్రాక్షకు దిగుబడి తక్కువ, చాకిరీ ఎక్కువ. రైతులు దాన్ని పీకేసి వేరేవి వేసుకుంటూ పోయారు. 1980లలో వాల్టర్ మాస్సా అనే వైన్ తయారీదారు పట్టుబట్టి నిలబెట్టకపోతే ఈ రోజు ఆ పేరు వినేవాళ్లం కాదు. మార్కె ప్రాంతంలో గ్విదో కొక్కి గ్రిఫోని అనే మరో వైన్ తయారీదారు అదే దశకంలో పెకొరీనో ద్రాక్షకు ప్రాణం పోశారు. (చీజ్ స్టాల్‌లోనూ పెకొరీనో కనిపిస్తుంది, కంగారు పడకండి. అది గొర్రెపాల చీజ్.) ఇలాంటివి గ్లాసులోకి వచ్చినప్పుడు కాస్త తీరిగ్గా తాగండి.

4. వరస తప్పకండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ముందు తెల్లవి, తర్వాత పలచని ఎర్రవి, చివర్లో వగరెక్కువున్న ఎర్రవి, అన్నీ అయ్యాక తియ్యవి.

తెల్లవాటిలో కంపానియాకు చెందిన ఫియానోతో మొదలుపెట్టండి. తర్వాత సిసిలీలో ఎత్నా అగ్నిపర్వతం వాలుల్లో పండే కర్రికాంటే. దాని పులుపు నోరు శుభ్రం చేసేస్తుంది. జులై వేడికి చల్లటి వైన్ నిమిషాల్లో వెచ్చబడుతుంది కాబట్టి గ్లాసును కింది కాడ దగ్గరే పట్టుకోండి.

ఎర్రవాటిలో సిసిలీ ఫ్రప్పాతోను కాస్త చల్లగా ఇస్తే బాగుంటుంది. ఎత్నా మీదే పండే నెరెల్లో మస్కలేజె రంగు చూసి తేలికైనదనుకుంటారు. గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనిపిస్తుంది. కానీ మింగాక వగరు తెలుస్తుంది.

ఆఖరికి ఉంబ్రియాలోని మొంతెఫాల్కోకు చెందిన సగ్రంటీనో. 1992లో దీనికి ఇటలీ వైన్లలో పై హోదా అయిన డీఓసీజీ వచ్చింది. ఒక్క గుక్క చాలు, నేరేడుపళ్లు తిన్న తర్వాతలాగా నాలుక, చిగుళ్లు బిగుసుకుపోతాయి. మొదటి గుక్కకే ‘బాలేదు’ అనేయకండి. ముక్క చీజ్ నమిలి మళ్లీ తాగండి, వగరు తగ్గి నల్లటి పండ్ల రుచి పైకొస్తుంది. దీని తర్వాత మళ్లీ తెల్ల వైన్ దగ్గరికి వెళ్తే మాత్రం నీళ్లు తాగినట్టే ఉంటుంది.

5. పోసేవాళ్లతో మాట్లాడండి

చాలా స్టాళ్లలో వైన్ పోసేది ఆ తోట రైతో, వాళ్లింట్లో వాళ్లో. ‘ఇన్ పురెత్సా?’ అని అడగండి. ఆ ఒక్క ద్రాక్షతోనే చేశారా అని దాని అర్థం. ఈ ప్రశ్న ఎందుకంటే, కియాంతి క్లాస్సికో అనే వైన్‌లో సాంజొవేజె 80 శాతం ఉంటే చాలు, మిగతాది వేరే ద్రాక్ష కావచ్చు. బ్రునెల్లో దీ మొంతల్చీనో అనే వైన్‌లో పూర్తిగా సాంజొవేజెనే ఉండాలి. ద్రాక్ష అసలు రుచి తెలియాలంటే ఒంటరిగా ఉన్నదే తాగాలి. తోట ఎంత ఎత్తులో ఉందో కూడా అడగండి, ఆ ప్రశ్నకు చాలామంది ఉత్సాహంగా ఫోన్‌లో ఫొటోలు తీసి చూపిస్తారు.

6. శాకాహారులైతే

బ్రెడ్డే కదా అని తినేయకండి. కొన్ని గ్రిస్సీనీ పుల్లల్లో, ఫొకాచ్చా రొట్టెలో పందికొవ్వు వేస్తారు. ‘స్త్రుత్తో’ ఉందా అని అడగండి. పర్మిజానో చీజ్‌ను దూడ కడుపులోంచి తీసే ఎంజైమ్‌తోనే విరగ్గొడతారు. టమాటా బ్రుస్కెత్తా, ఆలివ్ పళ్లు నిశ్చింతగా తినొచ్చు.

7. నచ్చినవి కొనుక్కోండి

నచ్చిన ప్రతి సీసా లేబుల్ ముందూ వెనకా ఫొటో తీసుకోండి, తెల్లారేసరికి పేర్లు గుర్తుండవు. ఇండియాకు తెచ్చేటట్టయితే సీసాలను బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల వరకు తేవచ్చు. రెండు సీసాలంటే లీటరున్నర. ఆ రెండూ ఇక్కడ దొరకని ద్రాక్షవే అయ్యేలా చూసుకోండి.