వైఫై లాగిన్‌కు సర్వర్, క్లయింట్ ఎలా కుదిరాయంటే

అందరికీ ఒకే వైఫై పాస్‌వర్డ్ ఉండే పద్ధతి తీసేసి, ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వాలనుకున్నాం. అంటే 802.1ఎక్స్ (నెట్‌వర్క్‌లోకి వచ్చేవాళ్లను ఎవరికి వారిని సరిచూసే ప్రమాణం), దాని వెనక లాగిన్‌లను సరిచూసే ఒక రేడియస్ సర్వర్. సర్వర్ ఎంపిక తేలికే. ఫ్రీరేడియస్ ఓపెన్ సోర్స్, యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు దాచే డైరెక్టరీ అయిన ఎల్‌డాప్‌తో కలుస్తుంది.

చిక్కంతా క్లయింట్ల దగ్గర, అంటే కనెక్టయ్యే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల దగ్గర వచ్చింది. పీప్-ఎంఎస్‌చాప్‌వీ2 అనే లాగిన్ పద్ధతి దాదాపు అన్ని ఫోన్లలోనూ ఉంటుంది. కానీ దానికి సర్వర్ దగ్గర పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగానో, ఎన్‌టీ హాష్‌గానో (పాస్‌వర్డ్ నుంచి విండోస్ పద్ధతిలో లెక్కకట్టిన కోడ్) ఉండాలి. మా ఎల్‌డాప్‌లో ఉన్నవేమో సాల్ట్ (యాదృచ్ఛిక అక్షరాలు) కలిపిన ఎస్‌ఎస్‌హెచ్‌ఏ హాష్‌లు, అవి దీనికి పనికిరావు. సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వదు, అందరికీ టెన్షన్. ఫ్రీరేడియస్‌ను డీబగ్ మోడ్‌లో నడిపితే కారణం బయటపడింది.

అందుకే ఈఏపీ-టీటీఎల్‌ఎస్‌కు (ముందుగా ఎన్‌క్రిప్ట్ అయిన టనెల్ వేసే పద్ధతి), దాని లోపల పాప్‌కు (పాస్‌వర్డ్‌నే సర్వర్‌కు పంపే పద్ధతి) మారాం. అలా వచ్చిన పాస్‌వర్డ్‌ను ఎస్‌ఎస్‌హెచ్‌ఏ హాష్‌తో పోల్చవచ్చు. విండోస్ 8 నుంచి ఇది విండోస్‌లోనే ఉంది, లినక్స్‌లో వైఫైకి కనెక్ట్ చేసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ప్రోగ్రామ్ చాలు. అయితే పాప్‌లో పాస్‌వర్డ్ టనెల్ లోపల ఉన్నదున్నట్టే వెళ్తుంది. కాబట్టి ప్రతి పరికరంలో సీఏ సర్టిఫికెట్‌నూ (సర్వర్ అసలుదేనని హామీ ఇచ్చేది), సర్వర్ పేరునూ సరిచూసే సెట్టింగ్ ఉండి తీరాలి. అది లేకపోతే దొంగ యాక్సెస్ పాయింట్ పెట్టినవాడికి పాస్‌వర్డ్‌లు మనమే అప్పగించినట్టు. నా దృష్టిలో సర్వర్ ఎంపిక కన్నా ఇదే ముఖ్యం. అందుకే ఎవరికి వారు పెట్టుకోమనకుండా ఈ సెట్టింగ్‌లన్నీ ఉన్న ప్రొఫైల్ ఫైల్‌గా పంచాం.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు మాత్రం ఈఏపీ-టీఎల్‌ఎస్ పెట్టాం. అక్కడ ల్యాప్‌టాప్‌లో ఉన్న సర్టిఫికెట్టే గుర్తింపు, పాస్‌వర్డ్ ఊసే లేదు.