ఇంటి దగ్గర పండ్ల మొక్క నాటే ముందు

గుంత తవ్వకముందే చూసుకోవాల్సినవి:

- మామిడి, నేరేడు అయితే గోడకు కనీసం 15 అడుగులు వదలండి. చీనీ (బత్తాయి), జామకు 8–10 చాలు.
- సంపు, సెప్టిక్ ట్యాంకు, పైపులైను ఎక్కడున్నాయో ముగ్గుపిండితో గీసుకోండి. చెమ్మ కారే అతుకుల్లోకే వేర్లు దూరతాయి.
- కర్నూలు వైపు నల్లరేగడిలో ఈ దూరాలు ఇంకా పెంచాలి. ఎండాకాలం చెట్టు తేమ పీల్చేస్తే నేల కుంచించుకుని నెర్రెలిస్తుంది. పునాది కుంగి గోడ మూలన ఏటవాలుగా బీట పడుతుంది. తర్వాత సిమెంటు పూసినా ఆగదు.
- పాతిన కడప బండల పక్కన లేత మొక్క వద్దు, మే సెగకు ఆకు మాడుతుంది.
- 3 అడుగుల గుంత నిండా నీళ్లు పోయండి. మర్నాటికీ ఇంకకపోతే అడుగున సుద్దో, గట్టి బంకో ఉన్నట్టే. చీనీకి అక్కడ వేరుకుళ్లు ఖాయం.
- పైన కరెంటు తీగ ఉంటే ఆ చోటే వద్దు.